పెద్ద శుక్రవారం మోగిన గంట

ఎర్రకుంటపల్లె మిషను గుడి గంట ఇటలీ నుంచి ఓడెక్కి వచ్చింది. బొంబాయిలో దిగి, రైలెక్కి, జనగామ స్టేషను నుంచి ఎడ్లబండి మీద ఊళ్ళోకి వచ్చిన నాడు ఊరు ఊరంతా ఎదురెళ్ళిందట. అంత వైభవంగా వచ్చిన గంటను రోజూ కొట్టే పని మాత్రం ఎవరికీ పట్టలేదు. తెల్లారకముందే లేవాలి, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడాలి, పొద్దుగూకే వేళకు ఎక్కడున్నా పరుగెత్తుకు రావాలి. పైగా జీతం లేదు. అటువంటి పనులు చివరికి ఎవరి నెత్తిన పడతాయో అందరికీ తెలుసు. బోర్డింగు వంటమనిషి రాజమణి నెత్తిన పడింది.

రాజమణి తల్లీతండ్రీ కలరా గత్తర వచ్చిన ఏడు ఒకరి వెనక ఒకరు పోయారు. పిల్ల వాడ చివర ఇంటి అరుగు మీద కూర్చుని ఏడుస్తుంటే, కొత్తగా వచ్చిన ఇటలీ మతగురువు ఆర్తూరో ఆమెను తెచ్చి సిస్టర్లకు అప్పగించాడు. ఊరివాళ్ళకు ఆయన ఆర్తూరు సామి. సిస్టర్లు పిల్లకు చదవడం నేర్పారు, రాయడం నేర్పారు, అల్లిక నేర్పబోయి చేతులెత్తేశారు. సూది పట్టుకుంటే గుడ్డకన్నా వేళ్ళకే కుట్లు ఎక్కువ పడేవి. పాటలో మాత్రం ఆమెకు ఎదురులేదు. ఈడు రాగానే మిషను బండి తోలే మనిషికిచ్చి పెళ్ళి చేశారు. అతను పాము కరిచి పోయాడు. పిల్లల్లేరు. వంటిల్లు ఒకటీ, గంట తాడు ఒకటీ మిగిలాయి.

సామి తెలుగు గుంటూరు పంతులు దగ్గర నేర్చుకున్నది. నోరు తెరిస్తే ‘అటులనే’, ‘కావున’ అని పంచాంగం చదివినట్టు మాట్లాడేవాడు. ఆయన నాలుక తిరగకపోయినా చెవి మాత్రం గట్టిది. వాడలో ఎవరైనా పోతే ఆడవాళ్ళు శవం చుట్టూ కూర్చుని రాగం తీసి ఏడుస్తారు కదా, దాన్ని వినడానికి ఆయన గోడవతల నిలబడేవాడు. గుళ్ళోంచి లాటిన్ పోయి తెలుగు వచ్చిన ఏడాది రాజమణిని పిలిచి, ‘దేవమాత కూడా తల్లియే కదా, ఆమె ఏడ్పు మీ రాగములోనే ఉండవలెను’ అన్నాడు. జపాలు నేర్పే ఉపదేశి జయపాల్ ముక్కు చిట్లించాడు. చావు రాగం గుళ్ళోనా అని సంఘ పెద్దలు గొణిగారు. సామి వినలేదు. ఆ ఏటి నుంచి, క్రీస్తు సిలువ మీద చనిపోయిన పెద్ద శుక్రవారం నాడు రాజమణి ఆయన తల్లి దేవమాత శోకం ఎత్తుకుంటే, క్రైస్తవులు కానివాళ్ళు కూడా గుడి ప్రహరీ బయట నిలబడి కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

ఇంతకూ ఈ కథ అమర్‌సింగ్ కోసం. మానుకోట దిక్కు ఒక తండాలో సుక్కి అనే లంబాడా ఆమె కొడుకు. సామి ఆ వైపు పర్యటనకు వెళ్ళి, వాడి కళ్ళల్లో ఏం చూశాడో గానీ, బతిమాలి బోర్డింగుకు తెచ్చాడు. వాడిని దిగబెట్టడానికి వచ్చిన సుక్కి వంటింటి గడపలో కూర్చుని రాజమణి చెయ్యి పట్టుకుని, “అక్కా, వీడు ఆకలైతే అడగడు. నువ్వే సూసి పెట్టాలె” అని చెప్పి పోయింది. రాజమణి చూసి పెట్టింది. చూసీ చూసీ, వాడు తన కడుపున పుట్టలేదన్న సంగతి అప్పుడప్పుడు మరిచిపోయేది. వాడు అవ్వా అని పిలిస్తే పలికేది.

కోస్తా నుంచి వచ్చిన పంతుళ్ళు వాడి మాటను వెక్కిరించారు. ‘గిట్ల’ అన్నప్పుడల్లా స్కేలుతో వేళ్ళ మీద కొట్టారు. వాడు దెబ్బలు తింటూనే లెక్కల్లో అందరినీ దాటిపోయాడు. ట్రెయినింగు చేసి, అరవై ఎనిమిది జూన్‌లో అదే బడికి లెక్కల సారుగా తిరిగొచ్చాడు. తండా నుంచి పోయినవాడు సారై వస్తే సామి ఆనందం పట్టలేక స్వయంగా హార్మోనియం వాయించాడు.

మరుసటి జనవరిలో తెలంగాణ ఉద్యమం అంటుకుంది. జై తెలంగాణ అని కాలేజీలు మూతపడ్డాయి, బడులు మూతపడ్డాయి. అమర్‌సింగ్ పిల్లలను వెంటబెట్టుకుని జనగామకు ఊరేగింపుగా వెళ్ళాడు, స్టేషను ముందు నిలబడి మాట్లాడాడు. ఆ వారంలోనే ఎవరో బస్సు తగలబెట్టారు. ఎవరు తగలబెట్టారో పోలీసులకు దొరకలేదు. గట్టిగా మాట్లాడినవాడు మాత్రం సులువుగా గుర్తున్నాడు. వారెంటు వచ్చింది.

అధికారులు సామిని పిలిపించి, మీరు విదేశీయులు, ఉద్యమం వాడొక్కడు మీ కాంపౌండులో దొరికినా బడి మూయించి మిమ్మల్ని ఓడెక్కిస్తామని చెప్పి పంపారు. ఆయన తలవంచుకుని వచ్చాడు.

పెద్ద శుక్రవారానికి ముందు వచ్చే మ్రానికొమ్మల ఆదివారం పొద్దుగూకాక అమర్‌సింగ్ వంటింటి వెనక తలుపు తట్టాడు. గడ్డం పెరిగింది, ఒళ్ళు కాలుతోంది. చెరువు వెనక గుట్ట మీద రాళ్ళ సందులో దాక్కున్నాడట. రాజమణి అన్నం పెట్టింది, కషాయం కాచింది, ఏడ్చింది.

“సామికి చెప్దాం బిడ్డా.”

“వద్దవ్వా. తెలిస్తే ఆయన అబద్ధమాడలేడు. తెల్వకుంటెనే మంచిది.”

తిండికి రోజూ రావాలంటే ఊళ్ళో పోలీసులున్నారో లేరో తెలియాలి. దానికి వాడే ఉపాయం చెప్పాడు. లెక్కల సారు కదా. పొద్దుగూకంగనే రాజమణి త్రికాల జపం గంట కొడుతుంది. అది గుట్ట మీదికి చక్కగా వినబడుతుంది. గంట మోగితే ఊరు నిమ్మళంగా ఉన్నట్టు, వచ్చి తిని పోతాడు. పోలీసులుంటే ఆమె కొట్టకూడదు.

“కొత్తగ గంట మోగితే ఎవలన్న అడుగుతరు. మోగకుంటె ఎవల్కి అనుమానమొస్తది చెప్పు?” అన్నాడు.

“మోగకుంటె నువ్వెటు పోతవ్?”

“వాగు దాటి రైలు పట్టాలు పట్టుకుంట. ఏదన్న గూడ్సుబండి ఎక్కి మానుకోట. మా తండా దాకా పోతె ఎవల్కి దొరుకుత?”

ఇద్దరికీ నచ్చింది. సోమవారం మోగింది, వచ్చాడు. మంగళవారం, బుధవారం కూడా వచ్చాడు. గురువారం సాయంకాలం పూజలో మహిమ గీతానికి రాజమణి గంటను గట్టిగా, చాలాసేపు కొట్టింది. ఆ రోజు ఆచారం అది. వాడు వచ్చి తింటూ నవ్వాడు.

“ఇయ్యాల గంట మస్తు కొట్టినవ్ అవ్వా.”

“పెద్ద బేస్తారం గదా బిడ్డా,” అంది రాజమణి. గుళ్ళో జాగరణకు వేళవుతోందని తొందరలో ఉంది. వాణ్ణి పంపించి, గుడి బురుజు ఎక్కి, ఏటా చేసినట్టే గంట తాడును చుట్టి పై దూలానికి కట్టేసి దిగింది.

ఏటా చేసే పని. చెయ్యి చేసుకుపోయింది, మనసు వెంట లేదు. పెద్ద గురువారం మహిమ గీతం మొదలు ఈస్టరుకు ముందటి పాస్కా శనివారం మహిమ గీతం దాకా గంట మోగదు. క్రీస్తు పాట్లు పడి సమాధిలో ఉన్న వేళ కంచు నోరు మూయాలి. పలకకు కట్టిన చెక్క సుత్తి ఒకటి ఉంటుంది, గంటకు బదులు దాన్ని టకటకలాడిస్తారు. ఆ ఊరి క్రైస్తవుల పిల్లలకు పాలతో పాటు తెలిసే సంగతి ఇది. అమర్‌సింగ్‌కు తెలియదు. బోర్డింగులో ఉన్నన్నాళ్ళూ ఆ వారం సెలవులకు వాడు తండాకు పోయేవాడు. సారుగా వచ్చాక ఇదే మొదటి పెద్ద వారం. తెలిసిన మనిషికి చెప్పాలని తట్టలేదు. తెలియని మనిషికి అడగాలని తట్టలేదు.

శుక్రవారం పొద్దున సోడాబండి షంషుద్దీన్ జనగామ నుంచి వట్టి చేతులతో తిరిగొచ్చి, గుడి గేటు దగ్గర బండి ఆపి నీళ్ళడిగాడు.

“బజారంత బందు రాజమణమ్మా. పట్టాలు పీకుతున్నరని రైలు లైను పొంట పోలీసుల్ని నిలబెట్టిన్రు. పట్టాల మీద ఎవడు కనబడ్డ కాల్చుమన్నరట. జర మీ పోరగాండ్లకు చెప్పు.”

ఆమె అయ్యో అంది. నీళ్ళిచ్చింది. గంట మోగుతుంది, అమర్‌సింగ్ పట్టాల దిక్కు పోనే పోడు అనుకుని నిమ్మళపడింది. ఆ అనుకోవడాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆమె మీద కోపం వస్తుంది. మరుక్షణమే జాలి వేస్తుంది. ముప్పొద్దులా తాడు లాగిన మనిషికి గంట మోగడం ఊపిరి ఆడటం వంటిది. ఆగిందని ఎలా తోస్తుంది?

మధ్యాహ్నం మూడింటికి ఆరాధన మొదలైంది. ఆ తర్వాత క్రీస్తు మృత స్వరూపాన్ని మోసుకుని ఊరు చుట్టాలి. నూట నలభై నాలుగో సెక్షను ఉన్నా, సామి ఇన్‌స్పెక్టరు దగ్గరికి పోయి అనుమతి తెచ్చుకున్నాడు. డప్పులుండవు, నినాదాలుండవు, శనివారం రాత్రి దాకా మా గంట కూడా మోగదు అని మాట ఇచ్చి వచ్చాడు. ఇన్‌స్పెక్టరు సరేనని రెండు జీపులు పెద్ద రోడ్డు కూడలిలోనే ఆపుకున్నాడు. ఊళ్ళోకి రాలేదు.

ఊరేగింపు ముందు రాజమణి నడిచింది, చేతిలో ఆ చెక్క టకటక. పొద్దుటి నుంచి ఒక్కపొద్దు. చెరువుకట్ట మొదట్లో స్వరూపాన్ని దించారు. అక్కడే దేవమాత శోకం పాడాలి. ఆమె టకటకను చంకన పెట్టుకుని గొంతెత్తింది.

“కొయ్య మీద కొడుకా, నీ గొంతు తడపకపోతి
నా ఒడిలో దించుకోని నిన్ను కడగకపోతి…”

ఆడవాళ్ళు వెనక అందుకున్నారు. ఎదురుగా చెరువు, చెరువు వెనక గుట్ట. పొద్దు గుట్ట మీదికి దిగింది. రాయి రంగు మారింది. ప్రతి సాయంత్రం ఆ రంగు చూసే ఆమె పొయ్యి ముందు నుంచి లేచి గంటకు పరుగెత్తేది. ఇవాళ కూడా కాళ్ళు లేవబోయాయి. ఇవాళ గంట లేదు కదా అని మనసు వాటికి చెప్పింది.

అప్పుడు తెలిసింది.

పాట గొంతులోనే తెగిపోయింది. వెనకవాళ్ళు ఒక చరణం పాడి, ముందు గొంతు లేక ఆగిపోయారు. దుఃఖం పొంగి ఆగిందనుకున్నారు, కొందరు ఇంకా గట్టిగా ఏడ్చారు. రాజమణికి ఏడుపు రాలేదు. వాడు గుట్ట మీద చెవి పెట్టుకుని కూర్చున్నాడు. గంట మోగలేదు. ఊళ్ళో పోలీసులున్నారనుకున్నాడు. లేచాడు. వాగు దిగుతున్నాడు. వాగు అవతల పట్టాలు, పట్టాల మీద తుపాకులు. జ్వరంతో నడుస్తాడు కాబట్టి మెల్లగా నడుస్తాడు. ఎంత మెల్లగా?

“సామీ,” అంది. ఆర్తూరు సామి నల్ల వస్త్రాల్లో పక్కనే ఉన్నాడు. “సామీ, నీ కాల్మొక్త, ఒక్కసారి గంట కొట్టనియ్యి.”

సామికి అర్థం కాలేదు. “నేడు గంట లేదు కదా రాజమణీ.”

“ఒక్కపారి. నన్నేమీ అడగకు. ఒక్కపారి!”

“నీకు ఒంట్లో బాగుగా లేదు. కూర్చొనుము.”

చెప్పాలనుకుంది. చుట్టూ మూడొందల చెవులున్నాయి. చెబితే బడి పోతుంది, సామి పోతాడు, వాడూ పోతాడు. టకటకను సామి పాదాల ముందు పడేసి, కొంగు నడుముకు చుట్టి, ఊరి నడిమి నుంచి గుడి దిక్కు ఉరికింది. ఒక్కపొద్దు ఒళ్ళు, నలభై దాటిన మోకాళ్ళు. రెండుచోట్ల పడింది. జయపాల్ “ఏమైందే నీకు, పిచ్చిదానా!” అని అరుస్తూ వెంటపడ్డాడు.

బురుజు నిచ్చెన ఎక్కింది. ముడి తను వేసిందే. గట్టిగా వేసింది. వేళ్ళతో రాక పళ్ళతో పీకింది. దేవుడా, నీ మౌనం చెడగొడుతున్న, నన్ను నరకంల ఎయ్యి, వాణ్ణి మాత్రం ఇటు మళ్ళించు అనుకుంది. తాడు ఊడింది. లాగింది.

పెద్ద శుక్రవారం నాడు ఎర్రకుంటపల్లె గంట మోగింది. గుట్టల దాకా మోగింది. చెరువుకట్ట మీద జనం మోకాళ్ళ మీద కూలబడ్డారు. ముసలమ్మలు చెంపలు వేసుకున్నారు. రాజమణి త్రికాల జపం ఎప్పుడు ఎలా కొడుతుందో అలాగే, మూడు మూడు చొప్పున ఆపి ఆపి కొట్టింది. తొందరలో కూడా తప్పనివ్వలేదు, తప్పితే వాడు గుర్తుపట్టడేమోనని. అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి కొట్టింది.

జయపాల్ కింద నుంచి నిచ్చెన ఊపితే గానీ దిగలేదు. దిగేసరికి జనం ముంగిట్లో నిండారు. స్వరూపాన్ని చెరువుకట్ట మీదే వదిలి వచ్చినవాళ్ళున్నారు. ఒకరు తిట్టారు, ఒకరు దయ్యం పట్టిందన్నారు. ఆమె జనాన్ని తోసుకుంటూ నడవబోయింది. వంటింటి దిక్కు పోవాలి, జనం దారివ్వటం లేదు. లోపల ఎక్కడో ఒక చిన్న సంతోషం కూడా ఉంది. విన్నాడు, తప్పకుండా విన్నాడు, పట్టాల దాకా పోలేదు.

అప్పుడు జీపుల చప్పుడు వినబడింది.

మోగదని సామి మాట ఇచ్చిన గంట మోగింది. మోగితే ఏదో ఉన్నట్టే కదా. కాసేపు ఆగి చూసిన పోలీసులు జనాన్ని పోగు చేస్తున్నారనుకున్నారు. కూడలిలో ఉన్న రెండు జీపులూ ఊళ్ళోకి వచ్చాయి. ఇన్‌స్పెక్టరు దిగి, గంట ఎవరు కొట్టారని అడిగాడు. జనం గప్‌చుప్. జయపాల్ కూడా నోరు మూసుకున్నాడు. తిట్టుకున్నా తమ మనిషి కదా.

ఆర్తూరు సామి ముందుకొచ్చాడు. రాజమణి ముఖం వంక చూశాడు. ఏదో ఉందని ఆయనకు అప్పుడే తెలిసి ఉంటుంది, ఏమిటో తెలియలేదు.

“నేనే కొట్టమంటిని,” అన్నాడు. పెద్ద శుక్రవారం నాడు, నల్ల వస్త్రాల్లో నిలబడి, పుట్టి బుద్ధెరిగాక ఆడని అబద్ధం ఆడాడు.

ఇన్‌స్పెక్టరు నమ్మలేదు. కాంపౌండు వెతకమన్నాడు. వెతకడానికి ఎంతసేపు పట్టింది? ఒక కానిస్టేబులు బోర్డింగు వెనక్కి పోయి, అక్కణ్ణుంచే కేక వేశాడు.

అమర్‌సింగ్ వంటింటి వెనక గడప మీద కూర్చుని ఉన్నాడట. తొట్టి దగ్గర తన కంచం కడుక్కుని, ఒళ్ళో పెట్టుకుని, రాజమణి కోసం చూస్తున్నాడట. జీపుల చప్పుడు వినబడలేదా, వినబడినా కాళ్ళు లేవలేదా? అప్పటికి జ్వరం తలకెక్కి ఉన్నది. రెక్కలు విరిచి పట్టుకుని ముంగిట్లోకి తెచ్చారు. జనం రెండుగా చీలారు. రాజమణి వాడికీ జీపుకూ మధ్య నిలబడింది. లాఠీతో పక్కకు నెట్టారు.

వాడు ఆమెను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపముంటే ఆమె బతికేది. లెక్క ఎక్కడ తప్పిందో తెలియని పిల్లవాడి చూపు అది.

“గంట కొట్టినవు గదవ్వా?” అన్నాడు. “గంట ఇన్నంకనే వచ్చిన.”

జీపు ఎక్కించారు.

మంగళవారం నాడు కబురు వచ్చింది. పట్నం దవాఖానలో పోయాడన్నారు. జ్వరమన్నారు. సామి పోయి చూసి వచ్చాడు. ఏం చూశాడో ఎవరికీ చెప్పలేదు, ఆ రోజు నుంచి హార్మోనియం ముట్టలేదు.

సంఘ పెద్దలు కూర్చుని రాజమణికి దండన వేశారు. క్రీస్తు సమాధిలో ఉండగా గంట కొట్టినందుకు ఆమె గురువు ముందు తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసి, గుడి గడప దగ్గర మోకాళ్ళ మీద నిలబడాలి. సామి కసిరి వాళ్ళను పంపేశాడు. అయినా ఆమె నిలబడింది. ఆ పాపానికి కాదు. ఏ పాపానికో ఆ ఊళ్ళో ఆమెకూ, పాపసంకీర్తనం విన్న సామికీ తప్ప ఎవరికీ తెలియదు.

సుక్కి తండా నుంచి మనిషిని తోడు తీసుకుని వచ్చేసరికి అంతా అయిపోయింది. ఎవరో ఆమెను వంటింటి గడప దాకా తెచ్చి వదిలారు. మొదటిసారి కొడుకును అప్పగించిపోయిన గడప. అక్కడే కూర్చుంది. అద్దాల రవిక, చేతుల నిండా దంతపు గాజులు, కళ్ళల్లో మాత్రం ఏమీ లేదు. రాజమణి ఎదురుగా నేల మీద కూలబడింది.

“ఈడికెందుకొచ్చిండక్కా?” అని సుక్కి అడిగింది. “తండాకు రావచ్చు గద. మేం దాసిపెట్టకపోతుమా? ఎవలు పిలిచిన్రు వాన్ని?”

అబద్ధం చెప్పవచ్చు. సామి తన కోసం ఆడలేదా? రాజమణి నోరు తెరిచింది, నోట్లోకి అబద్ధం రాలేదు.

“నేనే పిలిచిన సుక్కమ్మా. తిని పోదువు రమ్మని నేనే పిలిచిన.”

సుక్కి ఆమె వంక చూసింది. ఆమెకు గంట సంగతి తెలియదు, తెలిసినా పట్టించుకునేది కాదేమో. ఆమె మనసు పిలిచిన మాట దగ్గర ఆగలేదు, తిండి మాట దగ్గర ఆగింది. ముందుకు వంగి, రాజమణి మోకాలి మీద చెయ్యి వేసి, ఆశగా అడిగింది.

“మరి తిన్నడా అక్కా? పోయేటప్పుడు కడుపు నిండ తిన్నడా?”

“లేదమ్మా,” అంది రాజమణి. “పెట్టకముందే తీస్కపోయిన్రు.”